ఓబయ్య ముందే గీసిన గీతలు

పైపులు నిలబెట్టి పరంజా కట్టడం ఓబయ్య పని. కడప జిల్లా నుంచి వచ్చి మస్కట్‌లో తొమ్మిదేళ్లుగా కడుతున్నాడు. ఎన్ని కట్టాడో అతనికే గుర్తులేదు గానీ, ఒక్కటి మాత్రం అతన్ని వదల్లేదు. 1994 ఫిబ్రవరిలో అక్కడి అల్ హైల్‌లో రెండు కాలేజీల బాస్కెట్‌బాల్ పోటీకి, జనం కూర్చోవడానికని కట్టిన ఏడు వరసల గ్యాలరీ అది.

పైపుల్ని కలిపే క్లాంపును పానాతో బిగించాక దానిమీద సుద్దతో ఒక గీత గీయాలి. గీత ఉంటే బిగిసినట్టు లెక్క. ఫోర్‌మన్ యాకూబ్ ఆ గీతలు చూసే సంతకం పెడతాడు. ఆ శుక్రవారం మధ్యాహ్నం ఓబయ్యకు తొందరెక్కువైంది. పై వరస మొత్తానికి ముందే గీతలు గీసేసి, బిగించడం తర్వాత చూసుకుందాంలే అనుకున్నాడు. అంతలో కూర్చునే చెక్క పలకల లారీ వచ్చింది. అవి దించే హడావుడిలో పడి సంగతే మర్చిపోయాడు. బుర్ర ఎంత సోమరిదంటే, గీత కనబడితే చాలు, పని అయిపోయిందనే నమ్ముతుంది.

యాకూబ్ గీతలు చూసి సంతకం పెట్టాడు. సాయంత్రం ఆట మొదలైంది. ఓబయ్య డ్యూటీ గ్యాలరీ పక్కనే. పై వరసలో అతని రూమ్ వాళ్లు రియాజ్, లింబాద్రి కూర్చున్నారు. ఇద్దరిదీ నిజామాబాద్, ఇద్దరూ వర్క్‌షాపు మెకానిక్కులు. కాలేజీ ఆట ఉందంటే అన్నం మానేసైనా వెళ్తారు.

"పోయినసారి సిమెంటు మెట్ల మీద కూసుంటే నడుం పోయింది. ఈ పలకలే నయం" అన్నాడు లింబాద్రి.

"నడుం సంగతి తర్వాత. పదమూడో నంబరోన్ని చూడు. పోస్టు ఆటగాడంటే గట్లుండాలె. రింగు కింద వీపు పెట్టి నిలవడ్డడంటే ఎవ్వడు జరపలేడు" అన్నాడు రియాజ్.

పదమూడో నంబరుకు బంతి అందింది. వాడు గిర్రున తిరిగి వేసేశాడు. జనమంతా ఎగిరి పలకల్ని ధనధనా తొక్కారు. తన పని ఎంత బలంగా నిలిచిందో చూసుకుందామని ఓబయ్య మురిపెంగా తలెత్తాడు.

బిగించి అలిసిన చెయ్యి గీస్తే గీత వంకర పోతుంది. కింది వరసల్లో అన్నీ వంకర గీతలే. పై వరసలో మాత్రం గీతలన్నీ తిన్నగా, ముచ్చటగా ఉన్నాయి. ఆ వరసకు పానా తగల్లేదని ఓబయ్యకు అప్పుడు గుర్తొచ్చింది.

చెబితే కంపెనీ మరుసటి విమానానికే ఇంటికి పంపిస్తుంది. చెప్పకపోతే పైన రెండు వందల మంది. ఎవరికీ తెలియకుండా బిగించేస్తే సరి అనుకుని, పానా పట్టుకుని గ్యాలరీ కిందికి దూరి పైపులెక్కాడు. మొదటి క్లాంపు మూడు చుట్లు వదులుగా తిరిగింది. అది చూశాక భయం రెట్టింపైంది. ఆ బంతి పదమూడో నంబరుకు మాత్రం అందనీయొద్దని కనిపించని దేవుళ్లందరికీ మొక్కుకున్నాడు. బంతి వాడికే అందుతోంది. అందినప్పుడల్లా నెత్తిమీద నాలుగు వందల పాదాలు పడుతున్నాయి.

ఐదోది బిగిస్తుంటే పైనుంచి లింబాద్రి గొంతు వినిపించింది. "అరే, గీడ ఉయ్యాల లెక్క ఊగుతుందిరా! మస్తుగుంది, నువ్వు గూడ ఇటు జరుగు."

ఓబయ్య అటు చూశాడు. వాళ్ల పలకను మోసే పైపు అప్పటికే బెత్తెడు కిందికి జారింది. మనుషుల బరువు ఉండగా పానా ఏమీ చెయ్యలేదు. దిగి బయటికి పరుగెత్తాడు.

"రియాజూ! లింబాద్రీ! ఆ వరసంతా దిగండప్పా!"

"ఆగన్నా, పదమూడుకు బంతి వస్తుంది" అన్నాడు రియాజ్, ఇటు చూడకుండానే.

పక్కనే యాకూబ్ నిలబడి ఉన్నాడు.  అయినా ఓబయ్య అరిచాడు. "బిగించకుండానే గీతలు గీసినా! నేనే గీసినా! మీకు దండం పెడతా, దిగండి!"

రియాజ్ అతని ముఖం చూశాడు. ఇంకేమీ అడక్కుండా లింబాద్రి రెక్క పట్టుకుని లాగుతూ, పక్కనున్న అరబ్బు విద్యార్థుల్ని కూడా కేకలేసి దించాడు. అప్పుడే పదమూడో నంబరు బంతిని రింగులో వేశాడు. కింది వరసలు ఎగిరి తొక్కాయి. పైన ఖాళీ పలక ఒకవైపు వాలి, పైపుతో సహా గ్యాలరీ వెనక నేలమీద పడింది.

ఆట ఆగిపోయింది. అందరూ దిగిపోయారు. యాకూబ్ చెంప పగలగొడతాడని ఓబయ్య కళ్లు మూసుకున్నాడు. యాకూబ్ కింద పడ్డ క్లాంపును తీసి, దానిమీది తిన్నని గీతను బొటనవేలితో తుడిచాడు.

"సంతకం పెట్టింది నేను గదా ఓబయ్యా. చేత్తో తాకి గూడా చూడలేదు" అన్నాడు.

ఇద్దరూ చెరొక పానా తీసుకుని మొదటి వరస నుంచి మళ్లీ బిగించడం మొదలుపెట్టారు. వంకర గీతల్ని కూడా నమ్మలేదు. కంపెనీ ఇద్దరికీ చివరి హెచ్చరిక కాగితం ఇచ్చి వదిలేసింది. భయం మాత్రం ఓబయ్యను వదల్లేదు.

రెండు వారాల తర్వాత రియాజ్, లింబాద్రి అతన్ని బలవంతాన ఇంకో ఆటకు తీసుకెళ్లారు. అక్కడివి సిమెంటు మెట్లు. ఓబయ్య వంగి, మెట్టు మీద రెండు అరచేతులూ ఆనించి గట్టిగా నొక్కి చూశాడు. లింబాద్రి నవ్వబోయాడు. నవ్వు రాలేదు. తనూ వంగి ఒకసారి నొక్కి చూసి, కూర్చున్నాడు.