ధార ముందు, చుక్క తర్వాత

ఆవిడ జన్మలో రెంచి పట్టి ఎరగదు. అయినా ఊరంతా ఆవిడని ప్లంబరమ్మ అనే పిలిచేది. పైపులు బిగించేది మొగుడు, పేరు కొట్టేసింది పెళ్లాం అని ఆయన వేళాకోళం ఆడేవాడు గానీ, అందులో అన్యాయమేమీ లేదు. కుళాయి విరిగి, కాళ్ల కింద నీళ్లు చేరి, గాభరాపడుతున్న మనిషికి ముందు వినబడేది ఆవిడ గొంతే.

పెళ్లయిన కొత్తలో ఆయనకున్న ఆస్తి ఒక సైకిలు, దాని హ్యాండిల్‌కి వేలాడే పనిముట్ల సంచి. పద్నాలుగేళ్లలో అవి మూడు వ్యాన్లు, పదకొండు మంది పనివాళ్లు అయ్యాయి. ఇంటి ముందుగదే ఆఫీసు. బల్ల మీద రెండు ఫోన్లు, మూలన పైపు ముక్కల అట్టపెట్టెలు, గోడకి ఈ చివరి నుంచి ఆ చివరికి నల్లబోర్డు. బోర్డు మీద మనిషికో నిలువు గీత, గంటకో అడ్డగీత. ఏ గడిలో ఎవరి ఇల్లు రాయాలో, ఎవరిది చెరిపి ఎవరిది ముందుకు జరపాలో ఆవిడ చేతిలో పని. పిల్లలు పుట్టాక వాళ్లూ ఆ బోర్డే ఎక్కారు. మొగుడి గీతలో, ఒకరి బాత్రూముకీ ఇంకొకరి ట్యాంకుకీ మధ్య, "పెద్దాడు, టీకా" అనో "చిన్నది, స్కూలు" అనో సుద్దతో రాసుండేది.

గడులు జరపడానికి ఆవిడకో సూత్రం ఉంది. అది మొగుడి దగ్గర నేర్చుకున్నదే. నీళ్లు ధార కడుతుంటే ఇప్పుడే వెళ్లాలి. చుక్కలు పడుతుంటే ఆగొచ్చు. అందుకని ఎవరు ఫోన్ చేసినా, పేరు కూడా అడక్కుండా ఆవిడ అడిగే మొదటి మాట, "ధారా, చుక్కా?"

ఊళ్లో వాళ్లకి అలవాటైపోయింది. కొందరు ఆవిడ అడక్కముందే చెప్పేసేవారు, "అమ్మా, ధారే!" అని. పిల్లలకైతే అది ఉగ్గుపాలతో వచ్చిన భాష. పన్నెండేళ్ల పెద్దాడు బడి నుంచి వస్తూనే సంచీ విసిరేసి, "అమ్మా, ఆకలి ధారగా కారుతోందే" అనేవాడు. పనివాళ్లు పగలబడి నవ్వేవారు. వాడి బతుకు వాడు బతకగలడు. తొమ్మిదేళ్ల చిన్నది అలా కాదు. అది ముందు బోర్డు వైపు చూసేది, తర్వాత అమ్మ మొహం చూసేది, ఆ తర్వాత మాట్లాడాలో వద్దో తేల్చుకునేది. మంచి పిల్ల, అస్సలు విసిగించదు అని అందరూ మెచ్చుకునేవారు. ప్లంబరమ్మా మెచ్చుకుంది.

ఆ రోజు పొద్దున్న పదిన్నరకి, మూడొందల ఇళ్ల కాంప్లెక్సులో పెద్ద పైపు పగిలింది. వాళ్ల సెక్రటరీ స్వయంగా ఫోన్ చేశాడు. "ఇది సాయంత్రానికల్లా చేసి చూపించండి, ఇక మీదట మా కాంప్లెక్సు పనంతా మీదే" అన్నాడు. అలాంటి పని కోసం మొగుడూ పెళ్లాం రెండేళ్లుగా కాచుకుని ఉన్నారు. ఆయన ఐదుగురు పనివాళ్లని తీసుకుని వెళ్లాడు. మిగతా గడులన్నీ ఆవిడ చెరిపి మళ్లీ రాయడం మొదలుపెట్టింది.

పదకొండున్నరకి స్కూలు నుంచి ఫోన్. "మీ పాపకి కడుపులో నొప్పంటోందండీ, మాట్లాడండి" అని టీచరు చిన్నదానికిచ్చింది. సరిగ్గా అప్పుడే రెండో ఫోన్ మోగింది.

"ధారా, చుక్కా?" అంది ప్లంబరమ్మ.

కావాలని అన్నది కాదు. నోటికి అలవాటైన మాట, వచ్చేసింది. అదీ చిన్నదానితో. రెండో ఫోన్ మోగుతున్న చప్పుడు చిన్నదానికి వినబడుతూనే ఉండాలి.

"చుక్కే అమ్మా" అంది.

"అయితే కాసిని నీళ్లు తాగి బెంచీ మీద పడుకో. నాలుగింటికి నాన్న వస్తారు, సరేనా?"

"సరే."

ఫోన్ పెట్టేసి, మొగుడి గీతలో నాలుగింటి గడిలో "చిన్నది" అని రాసింది. రాసి రెండో ఫోన్ ఎత్తింది.

నాలుగయింది. కాంప్లెక్సులో కొత్త పైపు అతికించాక నీళ్లు వదిలి చూస్తే పక్క జాయింటు ఊడింది. ఆయన వచ్చేసరికి అయిదు దాటింది. స్కూల్లో ఆయాలు గదులు ఊడుస్తున్నారు. చిన్నది బెంచీ మీద మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని, ఒళ్లు కాలిపోతూ, పెదవి కొరుక్కుని పడుకుని ఉంది. ఎత్తుకోబోతే మూలిగింది. ఆయన ఇంటికి తీసుకురాలేదు. వ్యాన్‌లో పైపుల మీదే దుప్పటి పరిచి, తిన్నగా ఆస్పత్రికి తీసుకెళ్లాడు.

అపెండిక్స్ లోపలే పగిలిపోయింది. ఆపరేషన్ చేసి బయటికొచ్చిన డాక్టరు చేతులు తుడుచుకుంటూ, "పొద్దున్నే తెచ్చుంటే ఇంతదాకా వచ్చేది కాదేమో" అన్నాడు. తప్పుపట్టినట్టు కూడా అనలేదు. రోజూ పది మందికి చెప్పే మాటే చెప్పినట్టు చెప్పాడు.

అత్తగారు మాత్రం అలా వదల్లేదు. వరండాలో కొడుకునీ కోడల్నీ ఎదురుగా కూచోబెట్టుకుని, "అడగందే అమ్మైనా పెట్టదంటారు. మీ ఇంట్లో పిల్లలకి అడిగే నోరు కూడా లేకుండా చేశారు కదర్రా" అంది.

"నేనేం చేశానే? పైపు పగిలితే నేను..." అన్నాడాయన.

"పైపు సంగతి నేనడిగానా?"

ఆయన తల వంచుకున్నాడు. ప్లంబరమ్మ తన వేళ్లకి అంటుకున్న సుద్దపొడి చూసుకుంటూ కూచుంది.

అసలు దెబ్బ నాలుగో రోజున తగిలింది. డాక్టరు వచ్చి, "నొప్పి ఎలా ఉందమ్మా?" అని చిన్నదాన్ని అడిగాడు. అది డాక్టరు వైపు చూడలేదు. తల తిప్పి తల్లి మొహం చూసింది. గుమ్మం దగ్గర తండ్రి సెక్రటరీతో ఫోన్లో మాట్లాడుతున్నాడు. ఆయన్ని కూడా చూసింది. "కొంచెమే" అంది. డాక్టరు రాసుకుని వెళ్లిపోయాడు. గంట తర్వాత నర్సు కట్టు విప్పి చూస్తే కుట్ల పక్కన వాచి, చీము పట్టి ఉంది. ముట్టుకుంటే పిల్ల పక్కగుడ్డ గుప్పిట పట్టుకుంది గానీ అరవలేదు.

"ఇంత నొప్పి పెట్టుకుని కొంచెమేనంటావేమే తల్లీ?" అంది ప్లంబరమ్మ.

"నాన్న ఫోన్లో ఉన్నాడుగా."

అప్పుడు అర్థమైంది ఆవిడకి. కడుపులో పగిలినదాన్ని డాక్టర్లు కుట్టేశారు. ఈ పిల్లకి తన నొప్పి తానే తగ్గించి చెప్పుకునే అలవాటు చేసింది మాత్రం తనూ, తన మొగుడూ. దాన్ని తీయడానికి ఏ ఆస్పత్రిలోనూ కత్తి లేదు. రేపు ఇంకో నొప్పి వస్తే ఇది మళ్లీ ఇలాగే అంటుంది.

పదకొండు రోజులకి ఇంటికొచ్చారు. ఫోన్లు చూడ్డానికి ఒక ఆవిడని పెట్టుకున్నారు. ధారా చుక్కా అని ఇంట్లో ఇంకెవరూ అనకూడదని ఆయన కట్టడి చేశాడు. పెద్దాడు రెండుసార్లు నోరు జారి నాలుక కరుచుకున్నాడు. ప్లంబరమ్మ రోజుకి ఇరవైసార్లు అడిగేది, "ఏమైనా నొప్పిగా ఉందా? ఏమైనా కావాలా?" అని. "ఏం లేదమ్మా" అనేది చిన్నది, ఇరవైసార్లూ ఒకే గొంతుతో. స్వెట్టరు పొట్టిదైతే తల్లి కనిపెట్టి కొంది. పెన్సిళ్లు అయిపోతే తండ్రి కనిపెట్టి తెచ్చాడు.

"మనం కనిపెట్టినన్నాళ్లు బానే ఉంటుంది" అన్నాడాయన ఒకనాడు. "కనిపెట్టలేని రోజు?"



నాలుగు నెలల తర్వాత కాంప్లెక్సు వాళ్లు మాట ఖాయం చేసుకోడానికి ఇంటికొచ్చారు. సెక్రటరీ, ఇంకో ఇద్దరు పెద్దమనుషులు ముందుగదిలో కూచున్నారు. ఏ రోజు ఎంతమంది పనివాళ్లని పంపగలరో చెప్పాల్సింది ప్లంబరమ్మే. ఆయనకి పైపుల లెక్క తప్ప మనుషుల లెక్క తెలీదు. ఆవిడ బోర్డు దగ్గర నిలబడి వివరిస్తుండగా చిన్నది బడి నుంచి వచ్చింది. మామూలుగా అయితే గోడవార నుంచి పిల్లిలా లోపలికి జారుకునేది. ఇవాళ గుమ్మంలోనే నిలబడిపోయింది. అందరినీ ఒకసారి చూసింది. బోర్డు చూసింది. చెవులు ఎర్రబడ్డాయి.

"అమ్మా."

"ఆఁ."

"బూట్లు నొక్కుతున్నాయి."

ఆయన చేతిలో పెన్ను ఆగిపోయింది. సెక్రటరీ మంచి మనిషే. నవ్వుతూ, "ఓసి అంతేనా! కాసేపాగమ్మా, మీ అమ్మ పెద్ద పనిలో ఉంది" అన్నాడు.

ప్లంబరమ్మ చేతిలో సుద్ద కింద పెట్టింది. చీరకి చేతులు తుడుచుకుంది. "మీరు మాట్లాడుతూ ఉండండి, నేను వెళ్లొస్తాను" అంది.

"ఎక్కడికండీ?"

"బూట్లు కొనడానికి."

"ఇప్పుడా?" సెక్రటరీ మొహంలో నవ్వు పోయింది. మొగుడు పెళ్లాం వంక చూశాడు. రెండేళ్లు కాచుకున్న పని. గొంతు సవరించుకున్నాడు. "వెళ్లు. ఎవరెప్పుడొస్తారో నాకు తెలిసినంతవరకు చెబుతాలే" అన్నాడు. తెలిసినంతవరకే చెప్పాడు. అది వాళ్లకి చాలలేదు. చివరికి కాంప్లెక్సులో రెండు బ్లాకుల పనే దక్కింది, మిగతాది ఇంకెవరికో వెళ్లింది. ఆ సంగతి తర్వాత తెలిసింది.

బజారులో చెప్పుల దుకాణం ముసలాయన పీట లాక్కుని చిన్నదాని ముందు కూచున్నాడు. "ఏ సైజమ్మా?" అని తల్లిని అడిగాడు. ఆవిడకి తెలీలేదు. ఆయనే కొలిచి, పెట్టె తీశాడు. చిన్నది వేసుకుని నాలుగడుగులు వేసింది.

"నొక్కుతోంది" అంది.

రెండో జత తెచ్చాడు. అదీ నొక్కింది. మూడోది మడమ దగ్గర గీసుకుంటోందంది. నాలుగోది వేళ్ల దగ్గర. ప్రతిసారీ అనేముందు తల్లి మొహం చూసింది, మూడో జత దాకా. నాలుగో జతకి చూడలేదు.

నాలుగు పెట్టెలు మూతలు లేకుండా చుట్టూ పడున్నాయి. ముసలాయనకి విసుగొచ్చింది. "పాపా, కొత్త బూటన్నాక కాస్త నొక్కుతుందమ్మా. రెండ్రోజులు ఓర్చుకుంటే అదే సర్దుకుంటుంది" అన్నాడు.

"ఓర్చుకోదండీ" అంది ప్లంబరమ్మ. "ఇంకోటి తీయండి."

ఆయన గొణుక్కుంటూ నిచ్చెన ఎక్కాడు. చిన్నది కాలు ముందుకు చాపుకుని కూచుంది.