పోలారావు బేరింగు

పోలారావుకి ఒకటే జబ్బు. పదిమందిని అడక్కుండా ఏ పనీ చెయ్యడు. చెప్పు తెగితే కుట్టించాలా, కొత్తవి కొనాలా అని కంచిలి నుంచి సోంపేట దాకా వాకబు చేస్తూ, తేలేదాకా ఒంటి చెప్పుతో తిరిగాడు. పెళ్లిచూపుల్లో పిల్ల నచ్చిందా అంటే, ఏం చెప్పమంటారని ఆ పిల్లనే అడిగాడట. ఆ పిల్ల సంధ్య తనే నిర్ణయించేసింది గనక పెళ్లయింది.

అలాంటివాడి మోటారుసైకిలు ఇంజన్లో బేరింగు అరిగింది.

కంచిలి మెకానిక్ రాజేంద్ర ఇంజనుకి స్క్రూడ్రైవరు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని విన్నాడు. లోపల తిరగలి తిరుగుతున్నట్టు గరగర. క్రాంకు బేరింగు పోతోందనీ, ఇంజను దింపి విప్పాలనీ, ఇరవై రెండేళ్ల బండి కాబట్టి అమ్మేసినా తప్పులేదనీ చెప్పాడు. ఏదైనా త్వరగా తేల్చమన్నాడు. హైవే మీద ఇంజను పట్టేసిందంటే మనిషికే ప్రమాదం.

"నువ్వయితే ఏటి సేస్తావు బావా?"

"ఈరోజే ఇప్పేస్తాను."

"సరే. ఇంకొకర్ని అడిగొస్తాను."

ఆ ఇంకొకరు నెలయినా పూర్తికాలేదు. పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీ వాచ్‌మన్‌ని, టెక్కలిలో బస్సు కండక్టర్ని, ఇచ్ఛాపురంలో తెలుగే రాని పంచర్లాయన్ని అడిగాడు. బేరింగు మార్చాలా వద్దా అని అడగడానికి ఆ బేరింగు మీదే అంతదూరం తిరిగాడు.

విసిగిపోయి ఒక ఆదివారం రాజేంద్ర తనే పోలారావు బండి వెనకెక్కాడు. ఈరోజు అడిగేదే ఆఖరుసారనీ, అక్కణ్ణుంచి బండి తిన్నగా షెడ్డుకి రావాలనీ షరతు పెట్టాడు. పోలారావు ఒప్పుకుని, జలంత్రకోటలో కొబ్బరితోట పక్కన ఒక పెంకుటింటి ముందు ఆపాడు.

రాజేంద్రకి దిగడానికి కాలు రాలేదు. అది అప్పలరాజు మేస్త్రి ఇల్లు. తనకి పానా పట్టుకోవడం నేర్పిన మనిషి. పక్షవాతంతో ఆయన కుడిచెయ్యి పడిపోయి షెడ్డు మూసేశాక రాజేంద్ర ఒకసారి వచ్చాడు. ఏం మాట్లాడాలో తెలియక అరగంట గోడకేసి చూసి వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

మేస్త్రి అప్పటికే వాకిట్లో కుర్చీ వేయించుకుని ఉన్నాడు. ఎడమచేత్తో స్క్రూడ్రైవరు ఆనించి విన్నాడు.

"ఎడంపక్కది. పోయినారం కంటే ఎక్కువైంది. ఇప్పమంతే ఇనవేటి?" అని పోలారావుని కసిరాడు.

మేస్త్రి భార్య రత్నాలమ్మ రాజేంద్రకి మంచినీళ్లిస్తూ మెల్లగా చెప్పింది. "పెతి ఆదివారం వత్తాడు బాబూ. ఈయన్ని ఓ మాట అడిగీవోడు ఇతనొక్కడే. ఇతనొత్తాడనే ఈయన గెడ్డం గీయించుకుంతారు."

రాజేంద్ర బండిని షెడ్డుకి తీసుకుపోలేదు. మర్నాడు సామాన్లన్నీ ఆటోలో వేసుకొచ్చి ఆ వాకిట్లోనే ఇంజను దింపాడు. మేస్త్రి కుర్చీలోంచి చెబుతుంటే విప్పాడు. బోల్టులు కలిపేసినందుకు రెండుసార్లు తిట్లు తిన్నాడు. మూడోరోజుకి కొత్త బేరింగు పడింది. బండి మెత్తగా నడిచింది.

మేస్త్రి విన్నాడు. ఏ శబ్దమూ లేదు. స్క్రూడ్రైవరు ఒళ్లో పెట్టుకుని, ఇక దీనికి తనతో పనిలేదన్నాడు.

పోలారావు తల గోక్కున్నాడు. "గేరుబాక్సులో ఏదో టిక్కుమంతన్నట్టు నాకు అనుమానం. నీకేటనిపిత్తంది బావా?"

రాజేంద్ర వంగి చెవి పెట్టాడు. గేరుబాక్సు నిక్షేపంలా ఉంది. పాతికేళ్లలో ఏ బండి గురించీ అబద్ధం చెప్పనివాడు, చాలాసేపు విని లేచాడు.

"ఏదో ఉంది. నాకు అంతుసిక్కట్లేదు. ఆదివారం నేనూ వత్తాను, మేస్త్రిగారే సూసి సెప్పాల."