సిస్టరమ్మ నన్ను బయట కూర్చోబెట్టిన రోజు

కొత్త ఫోనులోకి పాతదానిలోని సరుకంతా మార్చుకుంటే అలారాలు కూడా వచ్చేశాయి. ఇవాళ ఉదయం తొమ్మిదిన్నరకు ‘మాత్ర’ అంటూ ఒకటి మోగింది. ఇడ్లీ తింటున్న మా ఆవిడకు నవ్వాగలేదు.

మూడేళ్ల కిందట, పాపకు ఏడాది నిండాక ఆమె గచ్చిబౌలిలో మళ్ళీ ఉద్యోగంలో చేరింది. రెండో బిడ్డకు కొన్నేళ్లు ఆగాలనుకున్నాం. ఆమె రోజూ వేసుకునే గర్భనిరోధక మాత్ర మరిచిపోకుండా చూసే బాధ్యత నేను తీసుకున్నాను: ఒక అలారం, అది వినకపోతే ఇంకొకటి, రెండూ వినకపోతే నా మెసేజి. ఒక సోమవారం మీటింగులో నా స్క్రీను అందరికీ చూపిస్తుండగా ఆమెకు పంపిన ‘మాత్ర వేసుకున్నావా?’ మెసేజి పైకి తేలింది. వేసుకున్నానని, బీపీదని మా మేనేజరు జవాబిచ్చాడు. ఇంత ఏర్పాటున్నా ఆ నెలలో రెండు మాత్రలు తప్పాయి. నెలసరి ఆలస్యమైన తొమ్మిది రోజులూ ఆమె ఆఫీసు బస్సులో కిటికీ వైపు తిరిగి ఏడ్చేదట. మా అమ్మ మాత్రం, కనేస్తే ఒక పనైపోతుంది కదా అంది.

గండం గడిచిన మర్నాడే ముగ్గురం మియాపూర్‌లో ఒక దవాఖానకు వెళ్ళాం. అక్కడ ఇలాంటి సలహాలిచ్చే సిస్టరమ్మకు యాభై ఏళ్లుంటాయి. పద్ధతులన్నీ పోలుస్తూ నేను వేసిన పట్టిక ముందు పెట్టాను. ఆవిడ రెండు పేజీలూ ఓపికగా చూసింది.

“మంచిగనే రాసిన్రు సార్. బిడ్డ ఏమంటదో గిందుల ఏడుంది? మీరు జర బయట కూసోండ్రి.”

అమ్మను ఉండమని మా ఆవిడే అంది. నేను తెర బయట కూర్చున్నాను. కాపర్ టీ గర్భసంచిలో ఒకసారి వేస్తే ఏళ్ల తరబడి ఉంటుందని, మొదటి నెలల్లో నొప్పి, రక్తస్రావం కాస్త ఎక్కువ కావచ్చని, వద్దనుకుంటే వచ్చి తీయించుకోవచ్చని సిస్టరమ్మ చెబుతోంది.

“ఈయన కూడా గుర్తుచేయక్కర్లేదా?” మా ఆవిడ అడిగింది.

“ఎవ్వరు గుర్తుచేసే పని లేదు బిడ్డా.”

అది పైకి పాకి గుండెలోకి పోతుందట కదండీ అని అమ్మ అడ్డుపడింది. అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో వచ్చిందట. సిస్టరమ్మ ఒక నమూనా తీసి అమ్మ చేతిలో పెట్టినట్టుంది.

“గుండెకాడికి పోనీకి దానికి తొవ్వేడుంది పెద్దమ్మా?”

“ఇంతేనా? నా పిన్నీసంత కూడా లేదు.”

మళ్ళీ అమ్మ గొంతే వినిపించింది, నేనెప్పుడూ విననంత మెల్లగా.

“మాకెవరూ ఇలా కూర్చోబెట్టి చెప్పలేదండీ. వీడికీ వీళ్ళన్నకీ పదకొండు నెలలే తేడా. ఆ ఏడాదంతా నేను సరిగ్గా నిద్రపోయింది లేదు.” ఆ వెంటనే మా ఆవిడతో, “వేయించుకో తల్లీ” అంది.

అన్నయ్యకూ నాకూ వయసులో తేడా లేకపోవడం మా ఇద్దరి అదృష్టమని ముప్ఫై ఏళ్లుగా అందరికీ చెప్పుకుంటున్నాను. ఆ తక్కువ కాలం అమ్మకు ఎంత పొడుగ్గా గడిచిందో తెలుసుకోవడానికి నేను తెర బయట కూర్చోవలసి వచ్చింది.