పండక్కి దాచిన బూట్లు

మా చెల్లెలు తెరేసమ్మ కొడుకు బాలశౌరి గొప్ప పరుగుగాడేమీ కాదు. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. నేను మూడో తరగతి దాకా చదివినదాన్ని. అబద్ధాలు రాయడానికి అంతకంటే ఎక్కువ చదువు కావాలి.

వన్ టౌన్‌లో ఒక నూనె మిల్లుకి తోపుడుబండి మీద డబ్బాలు చేరవేసే రోజుకూలీ వాడు. మేమంతా భవానీపురంలో ఒకే ఇంట్లో ఉంటాం. వాడు తెల్లవారకముందే లేచి కృష్ణ ఇసుకలో పరిగెత్తేవాడు. ఎందుకురా అంటే, "పగలంతా ఈ కాళ్లు బండివి పెద్దమ్మా. ఈ కాసేపే నావి" అనేవాడు. చేపల గంపతో ఎదురొచ్చే పేరమ్మ, "ఎవరి కోడినెత్తుకొస్తున్నావయ్యా, అంత పరుగు?" అని రోజూ అడిగేది. వాడు నవ్వుతూనే దాటిపోయేవాడు.

డెబ్బై మూడులో ఆ మిల్లు యజమాని పరుగు పందెం పెట్టాడు. మిల్లు పేరున ఒక జట్టు కట్టాలని ఆయనగారి సరదా. క్రిస్మస్ మర్నాడు గన్నవరం నుంచి మిల్లు గేటు దాకా పరిగెత్తాలి. ముందొచ్చిన ముగ్గురికి మిల్లులో పర్మినెంటు ఉద్యోగం. బండి నెట్టే బాధ తప్పుతుంది.

"ఫస్టు రాలేను గానీ మూడోవాణ్ణి అవుతాను పెద్దమ్మా" అన్నాడు. వాడి ఆశ కూడా వాడి కొలతకి తగ్గట్టే ఉండేది.

తెరేసమ్మ మురిసిపోయి నెల ముందే తెల్ల కాన్వాసు బూట్లు కొనుక్కొచ్చింది. మా ఇళ్లలో కొత్తదేదైనా చర్చిలో పండగ పూజకే తొడగాలి. ముందే ఒంటిమీద పడితే పండగని పాత చేసినట్టే. ట్రంకు పెట్టెలో కలరా ఉండల మధ్య పెట్టి తాళం వేసింది. ఇంటికొచ్చినవాళ్లకి మాత్రం తీసి చూపించేది.

"ఒక్కసారి తొడిగి ఇసుకలో తిరిగొస్తానే అమ్మా" అన్నాడు వాడు.

"మాసిన బూట్లతో బాలయేసు ముందు నిలబడతావా?"

"పందెంలో పరిగెత్తాలిగా మరి."

"పండగయ్యాక పరిగెత్తు. ఎవరొద్దన్నారు?"

"కాళ్లకి కాస్త అలవాటు కానివ్వవే" అన్నాను నేను.

"నువ్వూరుకో అక్కా. చదివింది మూడో తరగతి, నోరు మాత్రం కలెక్టరుది."

పండగ పూజలో వాడు ఆ బూట్లతో కొయ్యలా నిలబడ్డాడు. మర్నాడు వాటితోనే పందేనికి పోయాడు. లేసులు తల్లే కట్టింది, ఊడకుండా ముడి మీద ముడి వేసి.

దారిలో జరిగింది వాడు చెప్పిందే. నిడమానూరు దాకా మూడోవాడుగానే ఉన్నాడట. రామవరప్పాడు వచ్చేసరికి మడమల తోలు లేచిపోయి కాన్వాసు ఎర్రబడింది. రోడ్డు పక్కన కూలబడి ఆ లేసు ముడులు పళ్లతో విప్పుకున్నాడు. ఈలోగా లాజరని మిల్లులోనే మూటలు మోసేవాడు, వాడి వెనక ఇంకొకడు దాటిపోయారు. సరే, ఒట్టి కాళ్లతో లేచావు గదా, ఆ బూట్లు అక్కడే విసిరికొట్టి పరిగెత్తరాదూ? విసరలేదు. అమ్మ కొన్నవని చేతికొకటి పట్టుకుని పరిగెత్తాడు. జనం నవ్వారు. అలాగే ఒకణ్ణి దాటాడు. లాజరు వీపు మాత్రం గేటు దాకా వాడి ముందే ఉంది.

నేనూ చెల్లెలూ గేటు దగ్గరే నిలబడి ఉన్నాం. నాలుగోవాడికి ఒక గోళీసోడా ఇచ్చారు. తెరేసమ్మ వాడి కాళ్లు చూడలేదు. చేతుల్లోంచి బూట్లు లాక్కుని తిరగేసి చూసి, "నయం, అడుగులు అరగలేదు" అంది. వాడు సోడా సగం తాగి నాకిచ్చాడు.

పరుగు గురించి ఎవరైనా అడిగితే వాడు చెప్పేది రెండే ముక్కలు. కొత్త బూట్లతో పందేనికి దిగొద్దు, చేతుల్లో ఏమీ పెట్టుకోవద్దు. ఆపాటి తెలియడానికి ఒక ఉద్యోగం ఖర్చయింది.

బూట్లు ఇంకా పెట్టెలోనే ఉన్నాయి. ఏటా క్రిస్మస్‌కి తెరేసమ్మ వాటికి సుద్ద పూస్తుంది. వాడు తొడుక్కుని పూజకెళ్లి, రాగానే విప్పేస్తాడు.

లాజరు ఇప్పుడు ఖాకీ బట్టల్లో మిల్లు గేటు దగ్గర స్టూలు మీద కూర్చుంటాడు. మొన్న నేను అన్నం క్యారేజీ పట్టుకెళ్లేసరికి మావాడు బండితో గేటు ముందు ఆగి ఉన్నాడు.

"ఏం శౌరీ, ఇసుకలో కనపడటం మానేశావంట?" అన్నాడు లాజరు, స్టూలు మీంచి లేవకుండానే.

"గేటు తియ్యి బావా," అన్నాడు మావాడు. "డబ్బాలు బరువుగా ఉన్నాయి."