ఎంతమంది మేలుకోనుండారు

నాకు ఓపిక తక్కువ. బస్సు కాసేపు ఆగితే చాలు, కిటికీలోంచి తల బయటికి పెట్టి గొణుగుతాను. పొయ్యి మీద పాలు పొంగేదాకా నిలబడటం నావల్ల కాదు. అలాంటిదాన్ని, ముఖం కూడా ఎరగని ఒక మనిషి మాట కోసం వారాల తరబడి ఫోను పట్టుకొని అల్లాడిపోయాను.

మాది పుంగనూరు. పని మదనపల్లెలో, మందుల షాపులో. వచ్చిపోయే బస్సులో కూర్చుని తోచింది తోచినట్టు ఫోనులో రాయడం నాకు అలవాటు. రాసేది పెద్ద కంపెనీల యాప్‌లలో కాదు. మదనపల్లెలో కంప్యూటర్లు బాగుచేసే ఒక తమ్ముడు తన షాపు మేడమీద చిన్న సర్వర్ పెట్టి, తెలిసినవాళ్లందరినీ అందులో చేర్చాడు. ఇలాంటి సర్వర్లు ఎక్కడెక్కడో ఉన్నాయి. ఎవరిది వాళ్లదే, అన్నిటికీ కలిపి యజమాని అంటూ ఎవరూ లేరు. ఊళ్ల మధ్య బస్సులు తిరిగినట్టు వాటి మధ్య మాటలు తిరుగుతుంటాయి. పెత్తనం చేసేవాళ్లు లేని చోట నాలాంటివాళ్లకు నోరు బాగా లేస్తుంది.

"టమాటాకు పేరుమోసిన ఊళ్లో టిఫిన్ సెంటర్ టమాటా చట్నీ అంత నీళ్లగా ఎందుకుంటుంది?" అని ఒకరోజు రాశాను. "పుంగనూరు ఆవు రీల్స్‌లో కనబడినంతగా పుంగనూరులో కనబడదేం?" అని ఇంకోరోజు రాశాను. దానికి ఎక్కడినుంచో జవాబొచ్చింది.

"మా పల్లెకు రామ్మా. ఆవు సంగతి తెలీదు గానీ ఏనుగును సూపిస్తా."

అలా పరిచయమైంది ఆమె. రామకుప్పం దగ్గర పల్లె. శాంతిపురంలో గ్రానైట్ పనిచేసే ఒకాయన నడిపే సర్వర్‌లో ఉండేది. అక్కడ ఎవరూ అసలు పేర్లు పెట్టుకోరు. ఆమె తన ఫోటోకి బదులు ఒక నల్ల గొడుగు బొమ్మ పెట్టుకుంది. గొడుగుకు పసుపుపచ్చ గుడ్డతో అతుకు. ఆదివారాలు కుప్పం బస్టాండు దగ్గర ఆ గొడుగు కిందే కూరగాయలు అమ్ముతానని ఒకసారి రాసింది.

ఆమె రాసేవి భలే ఉండేవి. "ఏనుగు రాగి మొక్కను పీకి, వేర్లకుండే మన్ను కాలికేసి దులిపి తింటాది. మా ఇంటాయన ముల్లంగి కడక్కుండానే కొరుకుతాడు. ఎవురికి బుద్ధి ఎక్కువ?" అని ఒకరోజు అడిగింది. బస్సులో నేను పకపకా నవ్వేసరికి పక్కనున్నావిడ జరిగి కూర్చుంది.

తర్వాత ఒకరోజు ఇలా రాసింది. "రాగి కోతకొచ్చినాది. ఏనుగులు ఈ పక్కకే వస్తాండాయంట. ఈ పంట పోతే ఏడాదంతా సంగటికి కూడా కొనుక్కోవాల్సిందే. గుండె దడదడ అంటాండాది."

ఆ మాటే చివరిది. మరునాడు ఏమీ లేదు. ఆ మరునాడూ లేదు. "ఉండావా?" అని ఆమె యాసలోనే అడిగాను. జవాబు లేదు. షాపులో ఒకరికివ్వాల్సిన చిల్లర ఇంకొకరి చేతిలో పెట్టి తిట్లు తిన్నాను. ఏనుగు తొక్కిందనే వార్త ఎక్కడ కనబడుతుందోనని పేపరు తెరవాలంటే భయం. తెరవకుండా ఉండాలన్నా భయమే.

ఉండబట్టలేక సర్వర్ తమ్ముడి షాపుకెళ్లాను.

"నీ సర్వరేమన్నా పాడైందా?" అన్నాను.

"అరే అక్కా, బ్రహ్మాండంగా ఉండాది. జనాలకు మొహం మొత్తితే రాయడం మానేస్తారు. నువ్వు యాల ఇంత ఇదైపోతాండావు?" అని టీ తెప్పించాడు.

టీ అక్కడే వదిలేసి వచ్చాను. ఆదివారం పొద్దున్నే పలమనేరు మీదుగా కుప్పం బస్సెక్కాను. దారిపొడుగునా నన్ను నేనే తిట్టుకున్నాను. పేరు తెలీదు, ఊరి పేరు సరిగా తెలీదు, గొడుగును వెతుక్కుంటూ పోయే పిచ్చిదాన్ని నేనొక్కదాన్నే అయ్యుంటాను.

బస్టాండు బయట కూరగాయల వరసలో పసుపుపచ్చ అతుకు కనబడింది. దాని కింద ఎవరో బీన్స్ తూస్తున్నారు. జనాన్ని తోసుకుంటూ అక్కడికి పోయాను.

"ఏనుగును సూపిస్తానన్నది నువ్వేనా?" అన్నాను.

తక్కెడ పట్టుకున్న చెయ్యి ఆగింది. ఆమె నన్ను పైకీ కిందికీ చూసి మొహం తిప్పుకుంది.

"ఇప్పుడు యాల వస్తివమ్మా? అన్నిసార్లు పిలిస్తే ఒక్కసారన్నా పలికితివా?"

"నేను పలకలేదా? నువ్వే కదా మాయమైపోయింది!" అని నేనూ గొంతు పెంచాను. కూరగాయలు కొనేవాళ్లు తిరిగి చూశారు.

ఆమె కొంగుతో చెయ్యి తుడుచుకుని ఫోను తీసి నా ముందు పెట్టింది. అన్నీ నాకు రాసినవే. "ఏనుగులు దిగినాయి." "సగం చేను తొక్కేసినాయి." "అగుపడేంత దూరమూ చేను పడిపొయ్యుండాది, సూడలేకపోతాండాను." వాటి కింద, "ఉండావా?" నా ఫోను తీసి పక్కన పెట్టాను. అందులోనూ అదే మాట ఉంది. ఇద్దరం ఒకరినొకరు పిలుస్తూనే ఉన్నాం, ఒక్క పిలుపూ ఎవరికీ చేరలేదు.

నాకు ఏడుపొచ్చేసింది. ఆమె బీన్స్ గోనెసంచి జరిపి కూర్చోమంది.

"అలిగినావనుకుంటినమ్మా. పల్లెటూరి దానితో ఏం మాటలని వదిలేసినావనుకుంటిని" అంది.

మధ్యాహ్నం ఆమెతో ఆటోలో పల్లెకు పోయాను. సంగటి, అలసందల పులుసు పెట్టింది. తొక్కేసిన సగం చేను చూపించింది. మిగిలిన సగం ఇంకా కోయలేదు, కూలీలు రేపొస్తారంది. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె కళ్లు అడవి వైపే ఉన్నాయి.

ఆ రాత్రి అక్కడే ఉండిపోయాను. అందరూ పడుకునే వేళకు తూర్పు పక్కనుంచి డబ్బా మోత మొదలైంది. ఆ ఇంటి మోత విని పక్కింట్లో అన్నం తినే తట్ట మోగింది. అది విని ఇంకో ఇల్లు అందుకుంది. ఆమె తట్ట తీసుకుని గట్టిగా కొట్టింది. తర్వాత తట్ట నా చేతికిచ్చి గబగబా ఫోనులో రాసింది. "ఏనుగులొచ్చినాయి, తూరుపు పక్క." చూస్తుండగానే ఆమె ఫోను నిండా అదే మాట. అక్షరం తేడా లేకుండా అదే, ఒక్కొక్కటీ ఒక్కొక్కరి పేరుతో.

"ఒకరు రాసింది ముందుకు పంపితే సరిపోదా? ఇంతమంది మళ్లీ మళ్లీ రాయడమెందుకు?" అన్నాను.

"విన్నోళ్లు వాళ్ల నోటితోనే చెప్పాలమ్మా. అట్లయితేనే గదా, ఎంతమంది మేలుకోనుండారో తెలిసేది. ఒంటిగా ఉండామా, తోడుండాదా అని తెలియద్దా?"

అప్పుడు నాకు విషయం తలకెక్కింది. తట్ట కిందపెట్టి నేనూ అదే మాట నా పేరుతో రాశాను. కాసేపటికే తమ్ముడి ఫోనొచ్చింది.

"అక్కా, నీ అకౌంట్లో ఎవురో దూరినారు. కుప్పం పక్క, శాంతిపురంలో చెత్త సర్వరొకటి, అందరూ ఒకే మాట కొట్టి పంపతాండారని ఆ మధ్య మొత్తానికే కట్ చేసినా. ఇప్పుడు అదే మాట నీ దాంట్లో! నీది ఆపేస్తాండా."

"ఆపితే నీ షాపుకొచ్చి గొడవ చేస్తా! రాసింది నేనే. విను" అని ఫోనును వాకిలి వైపు పట్టుకున్నాను. ఊరంతా తట్టలు మోగుతూనే ఉన్నాయి. ఎవరో ఏడుపు గొంతుతో అరుస్తున్నారు.

తమ్ముడి గొంతు తగ్గింది.

"అదేం మోత అక్కా?"

"నువ్వు చెత్త అన్నావే, అదే."

"యా అల్లా" అన్నాడు మెల్లగా. "నాకేం తెలుసక్కా. ఉండు, ఆ కట్ ఇప్పుడే తీసేస్తా."

కాసేపాగి, ఆమెకు చేరేలా ఆ మాటే మళ్లీ రాశాను. ఈసారి ఆమె చేతిలో ఫోను కదిలింది. నేను ఎదురుగా నిలబడి ఉన్నా నన్ను చూడలేదు, ఫోనులో ఆ ఒక్క వాక్యాన్నే చూసింది. తర్వాత పక్కింటి వైపు తిరిగి గట్టిగా కేకేసింది.

"ఇంకొకరు ఉండారప్పో! పుంగనూరులో కూడా మేలుకోనుండారు!"