మీటరులో రెండు గళ్ళు

దయ్యం అనే మాట ఎవరైనా నా ముందు ఎత్తితే ఆటపట్టించకుండా వదిలేవాణ్ణి కాదు. ఇరవయ్యో ఏటి నుంచీ పెళ్ళి ఆర్కెస్ట్రాల్లో కీబోర్డు వాయించినవాణ్ణి. రావలసిన చప్పుడు రాకపోయినా, రాకూడనిది వచ్చినా, "ముందు వైరు చూసుకోండ్రా" అనేవాణ్ణి. ఈనాటికీ దయ్యాలున్నాయని నేను చెప్పను. జరిగింది మాత్రం చెబుతాను.

2007 ఎండాకాలం, ప్రొద్దుటూరు. అధిక జ్యేష్ఠం కాబట్టి పెళ్ళిళ్ళు లేవు, ఆర్కెస్ట్రాకు పని లేదు. ఆ ఖాళీలోనే సొంతంగా ఒక రికార్డింగు గది పెట్టుకుందామనుకున్నాను. పిండిమర నడిపే రత్నమ్మవ్వ ఇంటి వెనక ఒక గది ఉంది. మూరెడు మందం రాతిగోడలు, పైన బండల మిద్దె, ఒకే తలుపు, ఒకే కిటికీ. చూడగానే మనసు పారేసుకున్నాను.

అవ్వ భర్త శెట్టి ఆ గదిలోనే పోయాడు. పోయిన నక్షత్రం మంచిది కాదని, ఆరు నెలలు గది మూసిపెట్టమని పంతులు చెప్పాడట. గుమ్మానికి అడ్డంగా ముళ్ళకంప వేసి ఉంది. పంతులు శ్రీశైలం పోయాడు, వచ్చాక అడిగి తెరుద్దామంది అవ్వ. నాకు అంత ఓపిక లేదు. వేళ్ళు మడిచి నెలలు లెక్కపెట్టి, "ఆరూ నిండినాయి కదవ్వా" అన్నాను. ఆమె "సరేలేప్పా, నీ ఇష్టం" అంది. కంప నేనే తీసి గోడ అవతల పారేశాను.

బయటి చప్పుడు రాకూడదని కిటికీకి పాత పరుపు అడ్డంపెట్టి మేకులు కొట్టాను. గోడలకు గోనెసంచులు, తలుపు అంచులకు రబ్బరు. ఎంత పకడ్బందీగా చేశానో అని నా భుజం నేనే తట్టుకున్నాను.

మొదటి రోజే తంటా మొదలైంది. కీబోర్డు వైరు ఆడియో ఇంటర్‌ఫేసులోకి పోతుంది. వాద్యం శబ్దాన్ని కంప్యూటరుకు అందించే చిన్న పెట్టె అది. శబ్దం పెరిగేకొద్దీ లాప్‌టాప్ తెర మీద మీటరులో గళ్ళు వెలుగుతాయి. కింద పచ్చవి, పైన ఎర్రవి. నాకు వెలిగినవి రెండే గళ్ళు. కీబోర్డు వాల్యూము పూర్తిగా పెంచాను. పెట్టె మీద, లోపలికొచ్చే శబ్దాన్ని పెంచే గెయిన్ నాబ్ చివరిదాకా తిప్పాను. వైర్లు మార్చాను. ఉన్న బటన్లన్నీ అటూ ఇటూ నొక్కి చూశాను. రెండు గళ్ళే.

సామానంతా అవ్వ ఇంటి ముందుగదికి మోసుకొచ్చి అవే వైర్లు తగిలిస్తే మీటరు ఎర్రబడింది. వెనక్కి తీసుకుపోతే మళ్ళీ రెండు గళ్ళు. కరెంటు లోపమేమోనని ముందుగది ప్లగ్గు నుంచే పొడుగు వైరు లాగాను. మార్పు లేదు. మూడు రోజులు ఇదే గాడిద చాకిరీ.

నాలుగో రోజు మధ్యాహ్నం కీబోర్డు తీసేసి మైకుతో పరీక్షిద్దామనుకున్నాను. సెల్‌ఫోను దగ్గరుంటే స్పీకర్లలో టకటకమని గోల చేసేది కాబట్టి ముందుగదిలో పెట్టాను. ఫ్యాను ఆపి, రికార్డు బటను నొక్కాను. తలుపు సరిగ్గా పడలేదని చూసి విసురుగా లాగాను. ఆ అదురుకు బయటి ఇనప గడియ పడింది. పాత గడియ, ఇందులో వింతేమీ లేదు.

మొదట నవ్వొచ్చింది. తలుపు బాదాను, కేకలు వేశాను. ముందువైపు పిండిమర ఆడుతోంది. కిటికీ పరుపు పీకబోతే వేళ్ళు చీరుకున్నాయి. మేకులు కొట్టింది నేనే కదా, ఎందుకు ఊడతాయి? గంట గడిచిందో రెండు గడిచాయో తెలియదు. బండల మిద్దె పొయ్యి మీది పెనంలా కాలిపోయింది. ఊపిరి అందడం లేదు. ఇక్కడే చచ్చిపోతానని నిజంగా భయపడ్డాను.

మైకు కనిపించింది. ఎందుకో తెలియదు, దాని దగ్గరికి పోయి గొంతు చించుకుని అరిచాను. మీటరులో రెండు గళ్ళు. మూతి ఆనించి అరిచాను. రెండు గళ్ళు. ఆ గదిలో మనిషి ఎంత అరిచినా అంతేనని అప్పుడు అర్థమైంది, ఏడుపొచ్చింది. ఓపిక చచ్చి నేల మీద కూర్చున్నాను. నోరు మూసుకునే ఉన్నాను.

అప్పుడు మీటరు లేచింది. ఒక్కొక్క గడి వెలుగుతూ ఎరుపు దాకా పోయి అక్కడే నిలిచింది. నాకు నా ఊపిరి తప్ప ఏమీ వినపడలేదు.

తలుపు తెరుచుకుంది. ఒళ్ళంతా పిండితో రత్నమ్మవ్వ, చేతిలో నీళ్ళ చెంబు. నన్ను చూసి బిత్తరపోయింది.

"నువ్వా నీళ్ళడిగింది?"

నేను నీళ్ళు అడగలేదు. చెంబు లాక్కుని తాగాను. మర ఆడుతుంటే ఎట్లా వినపడిందని అడిగాను.

"ఆయన గొంతప్పా. 'ఏమే, నీళ్ళు తేవే' అని చెవికాడ పిల్చినట్టాయ." గడప మీద కూలబడింది. "ఆ పొద్దు గూడా పిల్చింటాడు. పక్షవాతం, గొంతు శానా సన్నంగా వచ్చేది. నేను మర కాడ ఉంటి. వచ్చి చూస్తే చెంబు కింద పడుండాది, ఆయన పోయినాడు. నాకు వినపల్యాప్పా."

పంతులు వచ్చాక తిట్టాడు. అధిక మాసాన్ని లెక్కలో కలపకూడదట, గది ఇంకో నెల మూసి ఉండాల్సిందట. ఎవరూ చెప్పకముందే కంప వెతికి తెచ్చి గుమ్మానికి నేనే పెట్టాను. నెల తర్వాత అదే గదిలో, అవే వైర్లతో మీటరు చక్కగా లేచింది.

గడియ పడిన రోజు సాయంత్రమే, రికార్డయినదాన్ని ముందుగదిలో కూర్చుని విన్నాను. మొదట నా కేకలు, చీమ చిటుక్కుమన్నట్టు. ఆ తర్వాత ఏమీ లేదు.

"ఆయన గొంతు దాంట్లో పడిందా అప్పా?" అని అవ్వ అడిగింది. లేదవ్వా అన్నాను. ఒప్పుకోలేదు, ఒక్కసారి పెట్టమంది. నా కేకలు వినిపించడం ఇష్టం లేక ఆ తర్వాతి భాగం పెట్టి, హెడ్‌ఫోన్లు ఆమె చెవులకు తగిలించాను. ఆమె కళ్ళు మూసుకుంది. కాసేపటికి చెంపల మీది పిండి తడిసింది. వాల్యూము పెంచనే లేదని గుర్తొచ్చి నాబ్ మీద చెయ్యి వేశాను.

ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"తగ్గియ్యప్పా, శానా గట్టిగా ఉండాది."

వాల్యూము నాబ్ సున్నా మీద ఉంది.