పత్తి అడిగిన డాక్టరు

మా నాన్న సముద్రం అవతలి దీవుల్లో, ప్రోతరాపూర్‌లో సర్కారు డాక్టరు. వైద్యం ఉద్యోగం, మొక్కలు పిచ్చి. మా పరుపుల కింద కూడా ఆకులు ఎండేవి. ఫ్రాన్సులో ఎవరో పల్లెటూరి డాక్టరు రోగుల్ని చూస్తూనే చుట్టుపక్కల మొక్కలన్నిటినీ పరిశోధించాడట. భోజనాల దగ్గర ఆ కథ మాకు తప్పేది కాదు. మరి ఆ రోగులు ఏమయ్యారని నేనడిగితే కథ ఆగిపోయేది.

నేను కాలేజీ సెలవులకు వచ్చి ఉన్నాను. శ్రీకాకుళం వైపు నుంచి కొత్తగా దిగిన ఒక జాలరికి, పడవ కోసం చెట్టు కొడుతుంటే పాలు కంట్లో చిందాయి. భార్య చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చింది. నాన్న కన్ను కడిగారు. కడుగుతూనే అది ఏ చెట్టని మొదలుపెట్టారు. ఆమెకు పేరు తెలీదు. ఆ దీవుల్లో ఏళ్ల తరబడి హిందీ కలిపి మాట్లాడిన నోరు కదా, "పోయి ఆ పత్తీ పట్రా" అన్నారు. హిందీలో పత్తీ అంటే ఆకు. అది హిందీ మాటన్న స్పృహ కూడా అప్పటికి మాలో ఎవరికీ లేదు.

ఆమె పరుగున వెళ్లి, ఇంట్లో ఉన్న ఒక్క తలగడా చింపి, కొంగు నిండా పత్తి తెచ్చింది.

వరసలో ఉన్నవాళ్లు నవ్వారు. నాన్న కూడా నవ్వారు. పైగా కాంపౌండరును పిలిచి చూపించారు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆమె పత్తిని బల్ల మీద కుమ్మరించి, చుక్కల మందుకు కూడా ఆగకుండా మొగుణ్ణి తీసుకుని వెళ్లిపోయింది.

ఇంట్లో నేను ఊరుకోలేదు. తప్పు ఆయన నోటిది, నవ్వులపాలైంది ఆవిడా అని నిలదీశాను. తన మాటకు తనకే నవ్వొచ్చిందన్నారు. ఆ సంగతి ఆవిడకెలా తెలుస్తుందన్నాను. ఆయన మందు సీసా జేబులో వేసుకుని చెప్పులు తొడుక్కున్నారు. నేనూ వెంట నడిచాను.

ఆమె గుడిసె గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"నేనడిగింది ఆకమ్మా. తప్పు నాదే," అన్నారు నాన్న.

"ఆకు సంగతి నాకెందుకు బాబూ. నా మొగుడికి కన్నొస్తాదా, రాదా? అది సెప్పు."

ఏ చెట్టుకైనా లాటిను పేరు చెప్పగల మనిషి నేల చూపులు చూశారు.

"తెలీదమ్మా."

ఆ ఒక్క మాటకు వేసినంత సిగ్గు నాకు పొద్దుటి నవ్వులకు కూడా వెయ్యలేదు. ఏదో ఒక ధైర్యం చెప్పకూడదా అని ఆయన మోచెయ్యి గిల్లాను. ఆయన మాట మార్చలేదు.

ఆమె కాసేపు ఆయన ముఖంలోకి చూసి పక్కకు తప్పుకుంది.

"నవ్వకుండా సూడు," అంది.

నాన్న వంగి లోపలికి వెళ్లారు. నేను బయటే ఉండిపోయాను.